గొంగళి మీద పలకలు

మొన్న సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు మా వీధిలో కరెంటు వచ్చింది. దానితోపాటే టీవీ కూడా మోగింది. పోయినప్పుడు ఎవరూ స్విచ్చి ఆపలేదు. కబడ్డీ ఆట వస్తోంది. మనవడు చదువు వదిలేసి వచ్చి కూర్చున్నాడు. కోట్లు వేసుకున్న నలుగురు ఒక బల్ల చుట్టూ చేరి, ఈ జట్టు ఈసారైనా గెలుస్తుందా అని మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ మాటలు అయ్యాక ఒక ముసలాయనను తీసుకొచ్చి శాలువా కప్పారు. ఒకప్పుడు పెద్ద ఆటగాడట. శాలువా ఎటు పట్టుకోవాలో తెలియక ఆయన కాసేపు తడబడ్డాడు. పోతూ పోతూ వంగి మధ్య గీతను వేళ్ళతో ముట్టుకున్నాడు. అప్పటికే కెమెరా వేరే వైపు తిరిగిపోతోంది.

"ఎవరు జేజీ ఆయన?" అన్నాడు మనవడు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఆ వంగిన తీరు మాత్రం తెలుసు.

మా తాత అట్లాగే వంగేవాడు. మా తాలూకా కర్నూలు జిల్లాలో, జిల్లా మద్రాసు సర్కారులో ఉన్న కాలం అది. కబడ్డీ అన్న మాట మేము వినలేదు. మాకు అది చెడుగుడు. కంభం రోడ్డుకు ఎడమ పక్క ఎర్రనేలలో మా ఊరు. కొర్ర, జొన్న, ఆముదం పండేవి. ఊరి వెనక పలకరాయి తవ్వే గుంటలు ఉండేవి. చిన్న పిల్లలకు బొమ్మలు లేకపోయినా ఒక్కొక్కరికి నాలుగు పలక పెంకులు ఉండేవి.

మా తాత కుర్రతనంలో, ఆయన కూడా ఆడిన మా ఊరి జట్టు చెరువు కింది ఊరివాళ్ళ మీద గెలిచింది. కొండ తిరునాళ్లలో, గుండ్లకమ్మ ఇసుకలో బరి గీసి ఆడిన ఆట. బహుమానం పొట్టేలు. దాన్ని ఊరంతా తిన్నారు. కొమ్ములు మాత్రం కొలిమి దూలానికి కట్టారు. నేను చూసేనాటికి అవి మసిపట్టి దూలంలో కలిసిపోయాయి. తెలిసినవాళ్ళు చూపిస్తే తప్ప కొమ్ములని తెలిసేది కాదు.

గెలిచిన ఆ ఏడుగురి ఇండ్లకు జట్టులో ఏడు చోట్లు స్థిరపడిపోయాయి. ఎవరు పెట్టిన నియమమో తెలియదు. తండ్రి తర్వాత కొడుకు, కొడుకు లేకపోతే తమ్ముడి కొడుకు. పొలం వచ్చినట్టే చోటూ వచ్చేది. అందుకే నా చిన్నప్పుడు మా జట్టులో ఒకాయనకు సాయంత్రమైతే కళ్ళు కనిపించేవి కావు. ఒకాయనకు ఆయాసం. కూత పెట్టడానికి పోయి మధ్యలో దగ్గి, గీత దాటకముందే దొరికిపోయేవాడు. మా ఇంటి చోటు మా చిన్నాయనది. ఆయన బలంగానే ఉండేవాడు కానీ, ఎదుటివాడు కింద పడితే ముందు లేపుదామని చెయ్యి అందించేవాడు.

ప్రతి ఏడూ ఓడిపోయేవాళ్ళం. ప్రతి ఏడూ తిరునాళ్లకు నెల ముందు నుంచి కొలిమి దగ్గర ఈసారి గెలుస్తామనే మాట మొదలయ్యేది.

మా జేజి, అంటే నాయనమ్మ, నాకు కొడవలి ఇచ్చి కొలిమికి పంపేది. పళ్ళకు కక్కు పెట్టించుకుని రమ్మంటే నేను సాయంత్రం దాకా అక్కడే ఉండేదాన్ని. బొగ్గుల వాసన, ఎర్రటి ఇనుము నీళ్ళలో ముంచినప్పుడు లేచే ఆవిరి వాసన, పక్కన కూర్చున్నవాళ్ళ ఒంటి ఆముదం వాసన. కొలిమి నడిపే మామ తిత్తి లాగుతూనే వాదించేవాడు. ఆయనకు ఎదురు కంభానికి బాడుగ తోలే బండి అన్న. చెరువు కింది ఊరి సమాచారాలన్నీ ఆయనే తెచ్చేవాడు. మధ్యలో, రాతి మీద, తాత.

"మనం ఓడేది ఆటలో కాదు, తిండిలో," అనేవాడు కొలిమి మామ. "వాళ్ళు చెరువు కింద వరన్నం తింటారు, చేపలు తింటారు. మనోళ్ళు ఉలవ గుగ్గిళ్ళు తిని కూతకు పోతే గాలి నోట్లో నుంచి పోతాదా?"

అందరూ నవ్వేవాళ్ళు. బండి అన్న నవ్వేవాడు కాదు.

"మరి తాత కాలంలో ఏం తిన్నారు మామా? అప్పుడు గెలిచినారు గదా. ఆ కొమ్ములు వరన్నం తిని తెచ్చినవా?"

"మా కాలంలో సంకటి కూడా సగం కడుపుకే," అనేవాడు తాత. "ఆకలితో ఆడినాం. వీళ్ళకు ఆకలి లేదు."

"ఆకలి ఉండాది తాతా. ఊపిరే లేదు. ఆయాసమోడిని కూతకు పంపి, రేచీకటోడిని మూలన నిలబెట్టి, ఈసారి ఖాయం ఈసారి ఖాయం అని ఇక్కడ కూర్చుంటే ఎట్ల?"

"చోటు వాళ్ళది. వాళ్ళు గాక ఎవరు ఆడతారు?"

అక్కడికి వచ్చేసరికి మాట ఆగిపోయేది. మామ తిత్తి గట్టిగా లాగేవాడు. నిప్పులు లేచేవి. అందరూ నిప్పుల వైపు చూసేవాళ్ళు. ఎవరు ఆడాలో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు.

మా ఇంట్లో సేద్యానికి ఉన్న పాలేరు ఊరి బయటి పల్లెవాడు. వాళ్ళ నాయనకు పెద్ద కొడుకు కాబట్టి అందరూ పెద్దోడు అనేవాళ్ళు. పల్లెలో చిన్న ప్రార్థన గుడి ఉండేది. ఆదివారం ప్రార్థన అయ్యాక, గుడి వెనక దిబ్బ మీద కుర్రాళ్ళు చెడుగుడు ఆడేవాళ్ళు. పెద్దోడు కూత మొదలుపెడితే మా మిద్దె మీదికి వినిపించేది. తెగేది కాదు. ఎద్దులను నీళ్ళకు తోలుకుపోతూ వాగు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకే ఊపిరితో కూత పెట్టుకుంటూ పరుగెత్తేవాడు. ఎద్దులకు అది అలవాటైపోయి, కూత మొదలైతే అవే నడిచేవి.

చిన్నాయన ఆదివారాలు ఆముదం చేలో కాపలా అని చెప్పి పల్లె దిబ్బకు పోయేవాడు. మోచేతులు గీసుకుని వచ్చేవాడు. జేజికి తెలుసు. పసుపు రాస్తూ, "కాపలాలో ఎవరు తోసినార్రా?" అని అడిగేది.

"పెద్దోడు," అనేవాడు చిన్నాయన దాచకుండా. "ఎన్నిసార్లు పోయినా దొరకబట్టినాడమ్మా. వాడు మన జట్టులో ఉంటే చెరువోళ్ళు గీత కాడికే రారు."

ఒక ఏడాది తిరునాళ్లకు వారం ముందు, అన్నాల దగ్గర, చిన్నాయన ఆ మాట తాతతోనే అన్నాడు. జొన్న రొట్టె, ఉలవచారు తింటున్నాం. నాకు గుర్తుంది, తాత రొట్టె తుంచుతున్న చెయ్యి ఆగింది.

"నాయనా, ఈసారి నా బదులు పెద్దోడు ఆడతాడు."

"చోటు ఇంటిది. ఇచ్చేదానికి నీది గాదు."

"ఇంటిదే గదా. వాడు మన ఇంట్లోనే పని చేస్తాండాడు. మన గింజలే తింటాండాడు."

"ముందురోజు కాళ్ళు ఎవరు కడుగుతారు?"

చిన్నాయన రొట్టె వదిలేసి లేచాడు. ఆ ఒక్క ప్రశ్నలో అంతా ఉంది. అది తెలియాలంటే మా ఊరి పద్ధతి చెప్పాలి.

తిరునాళ్లకు ముందురోజు పొద్దుగూకే వేళ, కొలిమి ముందర నల్ల గొంగళి పరిచేవాళ్ళు. గెలిచిన ఏడుగురిలో బతికి ఉన్నవాళ్ళు దాని మీద వరసగా కూర్చునేవాళ్ళు. పోయినవాళ్ళ చోట ఒక్కొక్క పలక పెట్టేవాళ్ళు. గుంటల నుంచి అప్పుడే తెచ్చిన పలక. దాని మీద పేరు రాయరు, బొట్టు పెట్టరు. ఆ ఏడాది ముగ్గురు కూర్చున్నారు, నాలుగు పలకలు. అంతకు ముందేడు నేనూ, మా అత్త కూతురూ ఒక పలక మీద పిల్లి బొమ్మ గీశాం. జేజి చూసి కొంగుతో తుడిచేసి, "ఆయనకు పిల్లులంటే పడేది గాదు," అంది. అంతకు మించి తిట్టలేదు.

ఆడబోయేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఇంటి పెద్దాయన కాళ్ళు పసుపు నీళ్ళతో కడుగుతారు. పలక ఉంటే పలకను కడుగుతారు. పెద్దాయన వాణ్ణి రెక్క పట్టుకుని లేపి, తన చేత్తో బెల్లం ముక్క నోట్లో పెడతాడు. అప్పుడే వాడు ఆటగాడు.

పెద్దోడు ఆడాలంటే తాత వాణ్ణి రెక్క పట్టుకుని లేపాలి. నోట్లో బెల్లం పెట్టాలి. మా ఇంట్లో పెద్దోడికి అన్నం వాకిట్లో, పైనుంచి వేసేవాళ్ళు. మా తాత చెడ్డవాడు కాదు. పెద్దోడి నాయనకు జ్వరం వస్తే బండి కట్టించి మార్కాపురం ఆసుపత్రికి పంపాడు. బండి తోలిందీ, ఆయనను దించిందీ మాత్రం పెద్దోడే.

ఆ ముందురోజు చిన్నాయన రాలేదు. వాగు గట్టు మీద కూర్చున్నాడు. మిగతా ఆరుగురూ కడిగి, బెల్లం తిని, పక్కన నిలబడ్డారు. తాత పొడి కాళ్ళతో గొంగళి మీద కూర్చుని ఉన్నాడు. ఇత్తడి చెంబులో నీళ్ళు, పళ్ళెంలో ఒక్క బెల్లం ముక్క మిగిలాయి.

పెద్దోడు ఎద్దులను పట్టుకుని వీధికి ఆ పక్క నిలబడి ఉన్నాడు. చిన్నాయన వాణ్ణి అక్కడ ఉండమన్నాడని తర్వాత తెలిసింది. కొత్త పంచె కట్టుకున్నాడు.

కొలిమి మామ వాడి వైపు చూశాడు, తాత వైపు చూశాడు. "మామా..." అన్నాడు. అంతే. ఆ పైన మాట రాలేదు. నెల రోజులు గొంతు చించుకుని వాదించిన మనిషి. బండి అన్న నేల చూస్తున్నాడు. ఒక్కరైనా గట్టిగా అడిగి ఉండకూడదా అని నేను ఇప్పటికీ విసుక్కుంటాను. ఎవరూ అడగలేదు.

తాత తనే చెంబు తీసుకుని తన కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నాడు. తనే బెల్లం నోట్లో వేసుకున్నాడు.

"మా ఇంటి చోట్లో నేనే ఆడతా," అన్నాడు.

జేజి ఆ రాత్రి నువ్వుల ఉండలు చేస్తూ గిన్నెలన్నీ గట్టిగా పెట్టింది. "ఈ వయసులో మోకాళ్ళకు ఆముదం పట్టించేది నేను. ఆట ఆయనదంట," అని పొయ్యితో చెప్పింది. నేను ఆ ఉండలు రెండు దొంగిలించి పెద్దోడికి ఇవ్వాలని వాకిట్లోకి పోయాను. వాడు లేడు. నేనే తినేశాను.

గుండ్లకమ్మలో ఆ ఏడు నీళ్ళు ఒక పాయగా సన్నబడి ఒక పక్కకు పోయాయి. మిగతాదంతా ఇసుక. అర్ధవీడు వైపు నుంచి గొర్రెలకాపర్లు, కంభం నుంచి గాజులమ్మేవాళ్ళు, బొరుగులూ బెల్లప్పాకమూ అమ్మేవాళ్ళు వచ్చారు. తాత గోచీ బిగించి బరిలోకి దిగేసరికి జనం కేకలు పెట్టారు. పాతవాళ్ళు లేచి నిలబడ్డారు. తాత వంగి మధ్య గీతను వేళ్ళతో ముట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మా వాళ్ళకు కన్నీళ్ళు వచ్చాయి. ఆ క్షణంలో గెలుస్తామని నేను కూడా నమ్మాను.

చెరువు కింది ఊరి కూతగాడు గీత దాటి వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. కూత పెడుతూనే నేరుగా తాత ముందుకు వచ్చి, వంగి, రెండు చేతులతో ఆయన కాళ్ళు ముట్టుకుని దండం పెట్టాడు.

మా ఆరుగురూ చేతులు దించి నిలబడ్డారు. పెద్దాయనకు దండం పెడుతున్నవాణ్ణి ఎవరు పట్టుకుంటారు? తాత అయితే వాడి తల మీద చెయ్యి పెట్టాడు. "సల్లగుండు నాయనా," అన్నాడు.

బయట నుంచి చిన్నాయన గొంతు ఒక్కటే వినిపించింది. "పట్టండ్రా! వాడు కూతలో ఉండాడు, పట్టండ్రా!"

అప్పటికే వాడు లేచి ఒక్క దూకులో గీత దాటిపోయాడు. కూత తెగలేదు. మధ్యస్తం చేసే ఆయన కాస్త సందేహించి, తర్వాత చెయ్యెత్తాడు.

"పెద్దాయన చచ్చినాడు. బయటికి రావాల."

కూతగాడు ముట్టుకుని పోయినవాణ్ణి ఆటలో అట్లాగే అంటారు. ఎదుటివాళ్ళలో ఒకణ్ణి పడగొడితే చచ్చినవాడు మళ్ళీ బతికి లోపలికి వస్తాడు. తాత పోయి ఇసుకలో కూర్చున్నాడు. ఆట అయిపోయేదాకా మా వాళ్ళు ఆయనను బతికించలేకపోయారు. ఆయాసమాయన దగ్గాడు. రేచీకటాయన తన వాణ్ణే పట్టుకున్నాడు. పొట్టేలు చెరువు కిందికి పోయింది.

తాత లేవబోతే మోకాలు పట్టేసింది. ఎవరు వస్తారా అని అందరూ చూసేలోపల పెద్దోడు జనంలో నుంచి వచ్చి భుజం అందించాడు. తాత ఆ భుజం మీద చెయ్యి వేసుకుని బండి దాకా నడిచాడు. తొందరలో ఎవరూ ఏమీ అనుకోలేదు. పని కోసం ముట్టుకోవడంలో ఎప్పుడూ తప్పు లేదు.

దారిలో బండి అన్న ఎద్దులను అదిలిస్తూ తిడుతూనే ఉన్నాడు. "దొంగ దండం. అది దండమా? వంగినోడిని వంగినట్టే పడేయాల్సింది."

"దండం దండమే," అన్నాడు కొలిమి మామ. "మనోడు పెట్టి ఉంటే తెలివి అనేవాళ్ళం."

"మనోడు పెట్టడు. మనోళ్ళకు అంత దూరం ఊపిరి ఆగదు."

చిన్నాయన బండి వెనక నడుస్తున్నాడు. పెద్దోడు ఇంకా వెనక.

తాత బండిలో నుంచి వెనక్కి తిరిగాడు. "రేయ్ పెద్దోడా. నీకు కూత ఎంత దూరం ఆగుతాదిరా?"

వాడు కూత మొదలుపెట్టి పరుగెత్తాడు. బండిని దాటి, చింతతోపు దాటి, దిగుడులో కనిపించకుండా పోయాడు. కూత మాత్రం వినిపిస్తూనే ఉంది. ఎద్దులు అలవాటు కొద్దీ వేగంగా నడిచాయి. మళ్ళీ ఎగువ కనిపించినప్పుడు వాడు ఇంకా పెడుతూనే ఉన్నాడు. తాత తువాలుతో ముఖం తుడుచుకున్నాడు.

ఆ ఏడంతా కొలిమి దగ్గర వాదన ఒక్కటే. అది దండమా, దెబ్బా. కొడవలి పట్టుకుని నేను పోయినప్పుడల్లా అదే. తాత అందులో కలవడం మానేశాడు. మళ్ళీ తిరునాళ్ల దగ్గరపడ్డాక ఒక సాయంత్రం, ఎవరూ అడగకుండానే, "ఈ ఏడు మా ఇంటి చోటు పెద్దోడిది. కాళ్ళు కూడా వాడే కడుగుతాడు," అన్నాడు.

తిత్తి ఆగింది. ఎవరూ కాదనలేదు. నిరుడు ఆయన ఈ మాట అని ఉన్నా ఎవరూ కాదని ఉండరని నాకు అప్పుడు అర్థమైంది. ఒకరి కోసం ఒకరు ఆగి అందరూ ఓడిపోయారు.

కానీ పెద్దోడు అప్పటికి మా పనిలో లేడు. ఆ వానాకాలం వానలు లేక పల్లెలో సగం మంది పనులకు పోయారు. వాడు గిద్దలూరు అవతల, దిగువమెట్ట దగ్గర, రైలు పట్టాల గ్యాంగులో చేరాడు. చిన్నాయన పల్లెకు పోయి వాళ్ళమ్మను అడిగి వచ్చాడు. ఆమె చేట పక్కన పెట్టి, "నిరుడు కొత్త పంచె కొన్నాడయ్యా వాడు," అందట. అంతే చెప్పిందట.

ఆ తిరునాళ్లలో మళ్ళీ చిన్నాయనే ఆడాడు. మామూలుగానే ఓడారు. తర్వాత నెలకు బండి అన్న కొత్త సంగతి తెచ్చాడు. రైలు గ్యాంగువాళ్ళు కంభం దగ్గర చెరువు కింది ఊరివాళ్ళతో ఆడారట. గ్యాంగువాళ్ళు గెలిచారట.

"కూత పెట్టింది ఎవరో చెప్పాల్నా?" అన్నాడు బండి అన్న.

"చెప్పొద్దులే," అన్నాడు కొలిమి మామ. సమ్మెట తీసుకుని, చల్లారిపోయిన ఇనుమును ఊరికే కొట్టాడు.

క్రిస్మసుకు పెద్దోడు పల్లెకు వచ్చాడు. గ్యాంగువాళ్ళిచ్చిన నీలం చొక్కా వేసుకుని మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. ఎద్దులు వాణ్ణి చూసి తలలెత్తాయి. తాత మంచం మీద నుంచి లేచి వచ్చాడు. అప్పటికి ఆయనకు కర్ర వచ్చింది.

"వచ్చే తిరునాళ్లకు మన ఊరికి ఆడాలరా. మా ఇంటి చోటు నీదే."

పెద్దోడు చొక్కా అంచు సవరించుకున్నాడు.

"గ్యాంగోళ్ళు మొదటి రోజే లోపలికి రమ్మన్నారు పెద్దయ్యా. ఎవరి కొడుకువని అడగలేదు. వాళ్ళను ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది?"

తాత తలూపాడు. జేజిని పిలిచి బెల్లం తెమ్మన్నాడు. ఆమె పెద్ద ముక్క తెచ్చి ఆయన చేతికిచ్చింది. తాత రెండడుగులు ముందుకు వేశాడు. ఆయన చెయ్యి వాడి నోటి ఎత్తుకు లేచింది. నేను గడపలో నుంచి స్పష్టంగా చూశాను.

పెద్దోడు అప్పటికే వంగి, కింద దోసిలి పట్టాడు.

ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉండి, తర్వాత కిందికి దిగింది. బెల్లం దోసిట్లో పడింది. వాడు కళ్ళకద్దుకుని, "వస్తా పెద్దయ్యా, వస్తా అమ్మా," అని పోయాడు.

తాత రెండేళ్ళకు పోయాడు. ఆ తిరునాళ్లకు ముందురోజు చిన్నాయన గొంగళి మీద ఆయన చోట పలక పెట్టి, కడిగి, తనే బెల్లం నోట్లో వేసుకున్నాడు. తర్వాత నాకు పెళ్ళై దర్శి వైపు వచ్చేశాను. కొలిమి మామ పోయాక కొలిమి దూలం కూలిందనీ, కొమ్ములు ఎవరు తీశారో తెలియదనీ చిన్నాయన ఒకసారి చెప్పాడు. పెద్దోడు రైలు పనిలోనే ముసలివాడై దిగువమెట్టలోనే పోయాడట. మా ఊరి తరఫున ఆడి గెలిచింది లేదు, ఒక్క కూత కూడా పెట్టింది లేదు కాబట్టి ఆ గొంగళి మీద వాడి పలక ఏ ఏడూ లేదు.

టీవీలో ఆట అయిపోయింది. మనవడి జట్టు ఓడింది. వచ్చే ఏడు చూడు జేజీ అన్నాడు వాడు.

మా ఊళ్ళో ఇప్పుడు తిరునాళ్లకు ముందురోజు గొంగళి పరచరు.